అప్‌డేట్: సైక్లింగ్ అయిన ట్యాంకులో మొదటి గప్పీల ఇబ్బంది – కారణం దొరికింది

సైక్లింగ్ పూర్తయిన (అంటే చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా అనే విషాన్ని తినే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరిగిన) 60 లీటర్ల ట్యాంకులో ఆరు గప్పీలు (చిన్న అక్వేరియం చేపలు) వేస్తే, మూడో రోజుకే పైకొచ్చి నోరు తెరుస్తున్నాయని అడిగాను కదా. అమ్మోనియా మళ్లీ చూడమన్న అన్నకు థ్యాంక్స్. సున్నా ఉండాల్సింది 1 పీపీఎం (లీటరుకు 1 మిల్లీగ్రాము) ఉంది!

తప్పు నాదే. చేపలు తెచ్చే ముందు రోజు ఫిల్టర్ స్పాంజిని మున్సిపల్ కుళాయి కింద శుభ్రంగా కడిగేశాను. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కు స్పాంజిలోని ఆ బ్యాక్టీరియా చచ్చిపోయింది. నాలుగు వారాల కష్టం రెండు నిమిషాల్లో పాయె.

రోజూ సగం నీళ్లు తీసి బోరు నీళ్లు పోశాను, మేత తగ్గించాను. 11 రోజులకు అమ్మోనియా, నైట్రైట్ (అమ్మోనియా నుంచి బ్యాక్టీరియా తయారుచేసే మరో విషం) రెండూ సున్నా. ఒకటి పోయింది, ఐదు హుషారుగా ఉన్నాయి.

హీటర్ లేకపోవడం కారణం కాదు, మా అనంతపురంలో నీళ్లు ఊరికే 28 డిగ్రీలున్నాయి. బోరు నీళ్ల గట్టిదనమూ (లవణాలు ఎక్కువుండటం) కారణం కాదు, గప్పీలకు అదే నచ్చుతుంది. స్పాంజిని ఇప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండుతున్నాను.