సంక్రాంతికి ఊరు వెళ్తున్నాము: కుక్కను వెంట తీసుకువెళ్లాలా, ఇక్కడే ఉంచాలా?

ప్రశ్న (విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నుంచి):
మా ఇంట్లో ఆరేళ్ల లాబ్రడార్, ఏడాది వయసున్న పిల్లి ఉన్నాయి. భోగికి ముందురోజు పలాస దగ్గరి మా అత్తవారి ఊరికి వెళ్లి, ముక్కనుమ దాటాక తిరిగి రావాలనుకుంటున్నాము. నిరుడు భోగి నాడు వీధిలో మంట దగ్గర డప్పులు మోగగానే కుక్క మెడపట్టీలోంచి తల లాగేసుకుని పారిపోయింది. రెండు గంటల తరువాత అప్పూఘర్ దగ్గర దొరికింది. ఈసారి ఏమి చేయమంటారు? క్రిస్మస్‌కు ఇరుగుపొరుగు వారు ఇచ్చే కేకుల గురించి కూడా సందేహం ఉంది.

మొదటి సమాధానం:
కేకు సంగతి ముందు చెబుతాను, ఆ పండుగే ముందు వస్తుంది కనుక. ప్లమ్ కేకులోని ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయగలదు; ఏ కుక్కకు ఎంత తింటే ముప్పో ముందుగా చెప్పలేము కాబట్టి, చలాకీగానే ఉంది కదా అని ఆగకుండా వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయాలి. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ అనే పదార్థాన్ని కూడా కుక్క శరీరం మనలా త్వరగా వదిలించుకోలేదు. ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించే ఇంటివైద్యం మాత్రం వద్దు, ఆ ఉప్పే విషమవుతుంది. ఇక కనుమ నాటి మాంసం కూరలో ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలకు చేటు. ఉడికిన ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి.

రెండవ సమాధానం:
తీసుకువెళ్లవద్దనే నా అభిప్రాయం. రైలులో మొదటి తరగతి ఏసీ కూపే (ఇద్దరు పట్టే గది) గానీ క్యాబిన్ గానీ మొత్తం మీ పేరనే ఉంటేనే కుక్కను వెంట ఉంచుకోనిస్తారు, లేదంటే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లోని కుక్కల పెట్టెలో వేయాలి. చప్పుడుకు బెదిరే కుక్కకు అది శిక్షే. పైగా ఊళ్లో భోగి మంట మన వీధిలో కంటే పెద్దది. అలవాటైన మనిషి ఎవరైనా మీ ఇంటికే వచ్చి పడుకోవడం మేలు. మంటలు తెల్లవారుజామునే వేస్తారు కనుక ముందురాత్రి ఆలస్యంగా తిప్పుకు వచ్చి, బాగా వెలుగు వచ్చాకే తలుపు తీయమనండి. మెడపట్టీకి బదులు ఛాతీని పట్టి ఉంచే హార్నెస్ వేసి, ఫోన్ నంబరు చెక్కించిన బిళ్ల తగిలించండి.

మూడవ సమాధానం:
పిల్లిని మరచిపోయారు. క్రిస్మస్ చెట్టుకు చుట్టే మెరుపు తీగలను, గాలిపటం దారాన్ని మింగితే పేగులు ముడతలు పడి తెగవచ్చు. నోట్లోంచి గానీ వెనుక నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగకండి.

అడిగినవారు:
ధన్యవాదాలు. గాజువాకలోని మా తమ్ముడు వచ్చి పడుకుంటానన్నాడు. కుక్కకు అతడు బాగా తెలుసు; పిల్లి ఇంకా దగ్గరకు రానివ్వదు, అందుకే ఈ ఆదివారం నుంచి దానికి చేపముక్క అతడి చేతే పెట్టిస్తాము.