పాత ఇంటి గోడల చెమ్మ: సిమెంటు పూతా, సున్నపు పూతా?

అరుగు: రాజోలు దగ్గర మా తాతగారి పెంకుటిల్లు సున్నంతో కట్టినది. 10 ఏళ్ల క్రితం బయటి గోడలకు సిమెంటు పూయించాము. అప్పటి నుంచి లోపలి గోడలు 3 అడుగుల ఎత్తు వరకు ఉబ్బి, తెల్లగా ఉప్పు పూసి, చేత్తో రాస్తే పిండిలా రాలుతున్నాయి. కాలువలు కట్టేసిన వేసవిలో కొంత ఆరి, నీరు వదలగానే మళ్లీ మొదలవుతుంది. ఏం చేయించాలి?

గట్టుమనిషి: వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటును లోపల కూడా 4 అడుగుల వరకు పూయించండి. నేను అదే చేయించాను.

మండువా: దయచేసి ఆ పని చేయకండి. పాత ఇళ్ల పునాది మీద చెమ్మను ఆపే పొర ఉండదు కనుక, దీపపు ఒత్తి నూనెను లాగినట్లు ఇటుకలు నేలలోని నీటిని పైకి లాగుతాయి. సున్నపు పూత ఉంటే ఆ నీరు గోడ ముఖం మీదే ఆవిరైపోతుంది. సిమెంటు ఆ దారి మూస్తే ఇంకా పైకి పోయి, పూత ముగిసిన చోట బయటపడుతుంది. నీరు ఆరినా దానితో వచ్చిన ఉప్పు గోడలో మిగిలి, గడ్డకట్టి పూతను పగలగొడుతుంది.

గట్టుమనిషి: గోడ ఊపిరి పీలుస్తుందంటారు. దానికి ముక్కు ఎక్కడుందో చూపించండి.

మండువా: ఊపిరి అన్న మాట నేను వాడలేదు.

గట్టుమనిషి: వాడకపోయినా మీ భావం అదే.

లంకవాసి: 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ నేలకు ఎండడం తెలియదు. ముందు వీధి సంగతి చూడండి. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి, మా అరుగు మెట్లు 2 కిందికి పోయాయి. వాన నీరంతా గోడవారనే నిలుస్తుంది.

మండువా: గట్టుమనిషి గారూ, మీ పూత ఎన్నాళ్లు నిలిచింది?

గట్టుమనిషి: 3 ఏళ్లు. తర్వాత 4 అడుగుల పైన చెమ్మ కనబడింది. అది ఉప్పు ఇసుక తెచ్చిన మేస్త్రి తప్పు.

మండువా: నేను చెప్పినదే జరిగింది కదా.

గట్టుమనిషి: మీరు హైదరాబాదులో 5వ అంతస్తులో కూర్చుని, సంక్రాంతికి వచ్చి మండువా ఫొటోలు తీసుకుని వెళ్లేవారు. సున్నం పూయగల మేస్త్రిని మా మండలంలో ఒక్కరిని చూపించండి. చెమ్మ నేల మీద కాలు పెట్టలేక మా అమ్మ మంచం దిగడానికి గోనెసంచి పరుస్తున్నాను. ఇల్లు పడగొడదామంటే మా తమ్ముడు ఒప్పుకోడు, బాగుచేయడానికి రూపాయి ఇవ్వడు. అతనూ అచ్చం మీలాగే మాట్లాడతాడు.

మండువా: నేనూ తమ్ముడినే. ఖర్చులో సగం పంపుతున్నాను. గోనెసంచి పరిచేది మాత్రం మా వదినగారే.

అరుగు: నాపరాళ్ల మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, అంచులకు టేపు అంటించి 2 రోజులు ఉంచాను. పైన పొడిగానే ఉంది, కింద నీటి బొట్లు నిండాయి. చెమ్మ నేల నుంచే వస్తోంది. ముందు వీధి వైపు గోడ వెంట పెరిగిన మట్టి తీయించి, వాన నీరు నిలవకుండా మురుగు కాలువలోకి వాలు పెట్టిస్తాను. ఆ తర్వాత బయటి సిమెంటు కొట్టించి ఒక వేసవి ఆరనిస్తాను.

గట్టుమనిషి: కొట్టించేటప్పుడు ఉలితో చిన్నగా కొట్టమనండి. మా గోడకు గడ్డపార వేస్తే ఇటుకలు కూడా ఊడివచ్చాయి.