అమ్మ గొలుసు విషయం: దేవుడు నన్ను హెచ్చరిస్తున్నాడా?

గాజువాక తమ్ముడు, రాత్రి 11:50

ఎవరికీ చెప్పని సంగతి ఇది. ఇక్కడ నేనెవరో మీకు తెలియదు కాబట్టి రాయగలుగుతున్నాను.

మా అమ్మ 2014 ఆగస్టులో పోయింది. పోయే ముందు తన మూడు తులాల గొలుసు నా కుడిచేతిలో పెట్టి, "ఇది మీ అప్పకి ఇయ్యి" అంది. అప్ప, అంటే మా అక్క, శ్రీకాకుళం దగ్గర అత్తవారింట్లో ఉంటుంది. దసరా సెలవులకి వచ్చినప్పుడు ఇద్దామనుకున్నాను. పాపకి జ్వరమని ఆమె రాలేదు. అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. నా కిరాణా షాపు రేకులు లేచిపోయాయి, బస్తాలన్నీ నానిపోయాయి. పది రోజులు తిరక్కుండానే ఆ గొలుసు అమ్మేసి షాపు నిలబెట్టుకున్నాను. అప్పకి ఫోన్ చేసి, తుఫానులో ట్రంకు పెట్టె తడిసి సామాను బయటికి తీసినప్పుడు గొలుసు ఎక్కడో పోయిందని చెప్పాను. ఆమె కాసేపు ఏడ్చి, "మీరు ప్రాణాలతో ఉన్నారు, అదే చాల్రా" అంది.

నిరుడు వానలో సింధియా దగ్గర బండి జారి కుడిచెయ్యి విరిగింది. అమ్మ గొలుసు పెట్టిన చెయ్యి. తర్వాత షాపులో షార్ట్ సర్క్యూట్ అయి ఫ్రిజ్ కాలిపోయింది. మొన్న సెప్టెంబరులో బాబుకి డెంగీ. ప్లేట్‌లెట్లు పడిపోతూ ఉంటే ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, బాబు బాగైతే అప్పకి నిజం చెప్పేస్తానని ప్రభువుకి మాట ఇచ్చాను. బాబు బాగయ్యాడు. నేను చెప్పలేదు.

పోయిన ఆదివారం పాస్టరు గారు బైబిల్లోని ఐగుప్తు రాజు ఫరో గురించి చెప్పారు. తెగులు వచ్చినప్పుడల్లా మోషేని బతిమాలడం, ఉపశమనం కలగగానే హృదయం కఠినం చేసుకోవడం. పదో తెగులు పెద్దకొడుకు చావు. ఆ వాక్యం వింటున్నంతసేపూ చెమటలు పట్టాయి. నాకు ఒక్కడే కొడుకు.

ఇవి హెచ్చరికలేనా? అప్పకి చెబితే బావ ఊరుకోడు, రాకపోకలు ఆగిపోతాయి. ఆ డబ్బంతా కానుకల పెట్టెలో వేసేసి దేవుడి దగ్గర ఒప్పుకుంటే సరిపోదా? నిద్ర పట్టడం లేదు.

మద్దిలపాలెం టీచరమ్మ, ఉదయం 5:20

బాబూ, రిటైరయ్యాక ఇరవై మంది పిల్లలకి సండే స్కూలు చెప్పుకుంటున్నదాన్ని. ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. మీ అబ్బాయి జ్వరం మీ పాపానికి జీతం అని మీరు తీర్పు రాసుకోవద్దు. ఆ పసివాడికి ఎప్పుడైనా ఆ మాట వినబడితే జన్మంతా మోస్తాడు.

2023 నవంబరులో మన విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు వచ్చి సుమారు నలభై బోట్లు కాలిపోయాయి గుర్తుందా? ఆ వారం ప్రార్థన కూటంలో ఒకాయన, అది ఆ బస్తీ మీద దేవుడి ఉగ్రత అన్నాడు. నాకు కడుపు మండిపోయింది. లేచి లూకా 13 చదివాను. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో అందరికంటే ఎక్కువ పాపులా అని యేసు అడిగాడు. కాదన్నాడు. అయితే అక్కడితో ఆపలేదు, మారుమనస్సు పొందకపోతే మీరందరూ అలాగే నశిస్తారన్నాడు. పక్కవాడి నష్టం చూసి వాడి పాపం లెక్కకట్టే పని నాకు ఇవ్వలేదు, నా సంగతి చూసుకోమన్నాడు. ఆ వెంటనే అంజూరపు చెట్టు మాట చెప్పాడు. మూడేళ్లుగా కాయని చెట్టుని నరికేయమంటే తోటమాలి, ఈ ఒక్క సంవత్సరం ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. మీ చెయ్యి విరగడం, ఫ్రిజ్ కాలడం దేవుడు పంపాడో లేదో నేను చెప్పలేను. మీకు నిద్ర పట్టకపోవడం మాత్రం ఆ తవ్వకమే అని నమ్ముతున్నాను.

కానుకల పెట్టె సంగతి. బలిపీఠం దగ్గర నీ కానుక వదిలిపెట్టి, ముందు వెళ్లి నీ సహోదరునితో సమాధానపడమని మత్తయి 5లో ఉంది. లేవీయకాండము 6 తెరిచి చూడండి, మీ సంగతే ఉంది. తన దగ్గర దాచమని ఇచ్చినదాని గురించి అబద్ధమాడినవాడు మూలధనానికి ఐదో వంతు కలిపి సొంతదారుకే ఇవ్వాలి, అపరాధ పరిహారార్థబలి తెచ్చే రోజునే. మూడు తులాలంటే 30 గ్రాములు, ఐదో వంతు 6, మొత్తం 36 గ్రాములు. అప్పట్లో అమ్ముకున్న డబ్బు కాదు, బంగారమే. ఇప్పటి రేటుకి గుండె ఆగినంత పనవుతుందని తెలుసు. అయినా మీ అప్పది చర్చికి ఇచ్చే హక్కు మీకు లేదు.

ఇంకొకటి అడగాలి. గొలుసు పోయిందని మీరు చెప్పినప్పుడు, ఎవరి మీద అనుమానం పడింది? ఇంట్లో బంగారం పోతే ఎవరో ఒకరి మీద పడకుండా ఉండదు.

కోటవీధి నుంచి, ఉదయం 8:05

అన్నా, నేను ముస్లింని. మీ యోనాని మేం యూనుస్ ప్రవక్త అంటాం. ఖుర్ఆన్ 10వ సూరాలో, అంటే అధ్యాయంలో, ఆయన జాతి గురించి ఉంది. వాళ్లు విశ్వసించగానే అల్లాహ్ శిక్షని తొలగించాడు. 32వ సూరాలో, పెద్ద శిక్షకంటే ముందు దగ్గరి శిక్షని రుచి చూపిస్తాం, వాళ్లు మరలి వస్తారేమోనని, అనే అర్థంలో ఉంది. మరలి రావాలన్నదే అందులో ఉద్దేశం. మా మసీదులో పెద్దాయన ఒకరు ఎప్పుడూ అంటారు: నమాజు తప్పితే అది నీకూ అల్లాహ్‌కీ మధ్య, మనిషి సొమ్ము తింటే ఆ మనిషి గడప దాటకుండా తౌబా, అంటే పశ్చాత్తాపం, పూర్తి కాదు.

ఇంకో మాట, మనసు నొచ్చుకోకండి. ఆ తుఫానుకి పేరు ఇచ్చింది ఒమన్. హుద్‌హుద్ అంటే సులైమాన్ ప్రవక్తకి సబా దేశం నుంచి నిజమైన కబురు తెచ్చిన పక్షి. మీరు మీ అక్కకి ఆ తుఫాను పేరు మీద అబద్ధం పంపారు. నిజం కూడా మీ నోటితోనే వెళ్లాలి.

జాలారిపేట వాసి, ఉదయం 9:30

ఆ రోజు మధ్యాహ్నం మా వీధిలో గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. తుఫాను కన్ను మన మీదుగా పోతోందని ఎవరికి తెలుసు? అయిపోయిందనుకుని జనం బయటికొచ్చి ఎగిరిపోయిన రేకులు ఏరుకుంటున్నారు. మా తాత మాత్రం "లోపలికి పొండి, ఇంకా సగం ఉంది" అని అరిచాడు. కాసేపటికే ఇంకో దిక్కు నుంచి కొట్టింది. మీ బాబు డిశ్చార్జి అయిన రోజు గురించి చదువుతుంటే అదే గుర్తొచ్చింది. తాత మాట విన్నవాళ్లం కాబట్టి రాస్తున్నాను.

గాజువాక తమ్ముడు, రాత్రి 10:15

టీచరమ్మ గారూ, మీ ప్రశ్న చదివి షాపు షట్టరు దించేశాను.

అనుమానం పడింది. పక్కింటి అబ్బాయి, అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, తడిసిన సామాను మోయడానికి వచ్చాడు. ఇంట్లోకి ఎవరెవరు వచ్చారని అప్ప అడిగితే వాడి పేరు చెప్పాను. దొంగ అనలేదు. పేరు మాత్రం చెప్పి ఊరుకున్నాను. మర్నాడు నాన్న వీధి కొళాయి దగ్గర అందరి ముందూ వాళ్లమ్మని నిలదీశారు. ఆమె బిందె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆ అబ్బాయి మళ్లీ మా గుమ్మం ఎక్కలేదు. ఇప్పుడు పాత గాజువాకలో ఆటో నడుపుతున్నాడు. నన్ను చూస్తే తల తిప్పుకుంటాడు. నాన్న 2019లో పోయారు, వాడే తీశాడని నమ్ముతూనే పోయారు. దాన్ని ఇక సరిచెయ్యలేను.

ఇన్నేళ్లూ గొలుసు గురించే బాధపడ్డాను గానీ ఆ పిల్లాడి గురించి ఒక్కరోజు కూడా ప్రార్థన చెయ్యలేదు.

ఈ సాయంత్రం నా భార్యకి అంతా చెప్పాను. చాలాసేపు గోడవైపు చూస్తూ కూర్చుంది. తర్వాత, "అప్ప దగ్గరికి శనివారం వెళ్దువు గానీ, ముందు ఆ తల్లి దగ్గరికి వెళ్లు" అంది. ఇంట్లో ఉన్నవి 14 గ్రాములు. అవి శనివారం శ్రీకాకుళం తీసుకెళ్తాను. మిగతా 22 గ్రాములకి కాగితం రాసి బావ చేతికిస్తాను. ఆయన ఏమన్నా తలవంచుకుని వింటాను.

ఆ తల్లి పొద్దున్న ఆరింటికి కొళాయి దగ్గరికి వస్తుంది. ఆ సమయానికి అక్కడ పది పదిహేను మంది ఉంటారు. ఇంటికెళ్లి చాటుగా చెప్పను, కొళాయి దగ్గరే చెబుతాను. ఆమెని నిలదీసింది అక్కడే కదా.