హాషెక్, రువా, బ్రోడర్: గోల్‌టెండర్ల టాప్ 10కి కాలేజీ ఫుట్‌బాల్ తరహా ఓటింగ్ పెడితే లెక్క ఎలా కట్టాలి?

నీలిగీత (ప్రశ్న)

ఐస్ హాకీ అభిమానులం పన్నెండు మందిమి కలిసి ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) చరిత్రలో గొప్ప గోలీలు, అంటే గోల్ కాపలాదారులు, పది మందికి ర్యాంకులు ఇద్దామనుకుంటున్నాం. మాలో సగం మంది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కూడా చూస్తారు కాబట్టి అక్కడ విలేకరులు జట్లకు ర్యాంకులిచ్చే అసోసియేటెడ్ ప్రెస్ పోల్ పద్ధతే పెడదామన్నారు. అక్కడ మొదటి జట్టుకు 25 పాయింట్లు, ఇరవై అయిదో జట్టుకు 1. మా దగ్గర మొదటి పేరుకు 10, పదో పేరుకు 1.

ఓటింగ్ మొదలవకముందే వాదన మొదలైంది. ఒక వర్గం బ్రోడర్ 691 విజయాలు, 125 షటౌట్లు (ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు) ముందు పెడుతోంది. ఇంకో వర్గం హాషెక్ కెరీర్ సేవ్ పర్సెంటేజీ (ఎదుర్కొన్న షాట్లలో ఆపినవాటి వాటా) 0.922 చూపించి, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ రెండుసార్లు గెలిచిన గోలీ ఇంకెవరున్నారని అడుగుతోంది. మూడో వర్గానిది రువా నాలుగు స్టాన్లీ కప్‌లు (లీగ్ టైటిళ్లు), మూడు కాన్ స్మైత్‌ల (ప్లేఆఫ్‌లలో అత్యంత విలువైన ఆటగాడి ట్రోఫీ) మాట. అన్నీ నిజాలే, కానీ ఒకదానికి ఒకటి జవాబు కాదు.

నాకు తెలియాల్సినవి రెండు. వేర్వేరు కాలాల గోలీలను పోల్చడానికి ఏ అంకె పనికొస్తుంది, దాన్ని చేత్తో ఎలా లెక్కకట్టాలి? ఈ పాయింట్ల పద్ధతిలో బోల్తాపడే చోట్లు ఎక్కడ? కాలేజీ ఫుట్‌బాల్‌లో 1936 నుంచి ఈ పోల్ నడుస్తోంది కదా, లోపాలన్నీ ఈపాటికి బయటపడే ఉంటాయి.

క్రీజ్‌కాపరి

నీలిగీత గారూ, విజయాల సంఖ్యను ముందు పక్కన పెట్టండి. అది జట్టు అంకె. పైగా నిబంధనలతో పాటు దాని విలువ కూడా మారింది. రువా 2003లో రిటైరయ్యేనాటికి 551 విజయాలతో పాటు 131 టైలు (సమంగా ముగిసిన మ్యాచ్‌లు) ఉన్నాయి. 2005-06లో సమంగా ఉన్న మ్యాచ్‌ని తేల్చే షూటౌట్ వచ్చింది, అప్పట్నుంచి టై అన్నదే లేదు. తర్వాతి తరం గోలీ ఫ్లూరీ 575 విజయాలతో ఇప్పుడు రువాకు పైన ఉన్నాడు. ఆ 131 మ్యాచ్‌లు షూటౌట్ దాకా వెళ్లి అందులో సగం గెలిచి ఉన్నా రువా 600 దాటేవాడు.

సేవ్ పర్సెంటేజీ అంతకంటే నయం, కానీ దాన్నీ నేరుగా పోల్చకూడదు. లీగ్ సగటు 1980ల మధ్యలో 0.875 చుట్టుపక్కల ఉండేది. 2014-15 నాటికి 0.915కి చేరింది. బటర్‌ఫ్లై (మోకాళ్ల మీద వాలి కాళ్లు పక్కలకు చాచి ఆపే తీరు) శిక్షణ, పెద్ద ప్యాడ్లు, షాట్లకు అడ్డంపడే డిఫెన్స్ అన్నీ కలిసి తెచ్చిన మార్పు అది. 1986లో 0.900 ఉన్నవాడు లీగ్‌లో మేటి, 2015లో అదే అంకె ఉంటే జట్టులో చోటు నిలవడమే కష్టం.

అందుకని ఇలా చేయండి. ఆ సీజన్ లీగ్ సగటును 1లోంచి తీసేయండి. మిగిలినదాన్ని మీ గోలీ ఎదుర్కొన్న షాట్లతో గుణిస్తే, అన్ని షాట్లకు సగటు గోలీ ఎన్ని గోల్స్ ఇచ్చేవాడో వస్తుంది. అందులోంచి మీ గోలీ ఇచ్చిన గోల్స్ తీసేయండి. మిగిలేది ఆయన ఆదా చేసిన గోల్స్.

హాషెక్ 1998-99: 1877 షాట్లు, 119 గోల్స్, లీగ్ సగటు 0.908. 0.092ని 1877తో గుణిస్తే 173. అందులో 119 పోతే 54. బ్రోడర్ 48 మ్యాచ్‌లు గెలిచిన 2006-07: 2182 షాట్లు, 171 గోల్స్, సగటు 0.905. సగటు గోలీ 207 ఇచ్చేవాడు, కాబట్టి ఆదా 36. బ్రోడర్ సీజన్ కూడా గొప్పదే, ఆ ఏడాది ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీ ఆయనకే వచ్చింది. కానీ తేడా ఎంతుందో చూడండి.

ఒక్క సీజన్‌తో తీర్పు చెప్పొద్దు. 0.910 స్థాయి గోలీకి 1000 షాట్ల మీద కేవలం అదృష్టం వల్లే 0.009 అటో ఇటో జరుగుతుంది. 5000 షాట్లు పోగైతే అది 0.004కి తగ్గుతుంది. కనీసం మూడు సీజన్లు కలిపి చూడండి. ఇంకో చిక్కు: షాట్లు లెక్కించే తీరు ఒక్కో అరీనాలో ఒక్కోలా ఉంటుంది. సొంత మైదానం అంకెలు, బయటి అంకెలు విడిగా రాసుకోండి. ఆ రెంటికీ మధ్య తేడా ఏళ్ల తరబడి పెద్దదిగా కనిపిస్తే బయటివాటినే నమ్మండి.

మాంట్రియాల్ 33

క్రీజ్‌కాపరి గారి సూత్రాన్నే రువాకీ పెట్టి చూద్దాం. 1989-90లో 1524 షాట్లు, 134 గోల్స్, అంటే 0.912. ఆ ఏడాది లీగ్ సగటు 0.881. సగటు గోలీ 181 ఇచ్చేవాడు, రువా ఆదా 47. షాట్‌కి ఇంత చొప్పున చూస్తే సగటుకి 0.031 పైన. హాషెక్‌ది 0.029. కాబట్టి 0.910 కెరీర్ అంకె చూసి రువాను కిందికి తోసేయడం అన్యాయం. ఆయన కెరీర్‌లో సగం, గోల్స్ వరదలా వచ్చిన కాలంలో గడిచింది.

ప్లేఆఫ్‌లను వదిలేసే జాబితాను నేను ఒప్పుకోను. రువా ప్లేఆఫ్ మ్యాచ్‌లు 247, విజయాలు 151, సేవ్ పర్సెంటేజీ 0.918. రెగ్యులర్ సీజన్ కంటే ఎక్కువ! ఎదురుగా బలమైన జట్లే ఉండే చోట అంకె పెరగడం మామూలు విషయం కాదు. 1993 ప్లేఆఫ్‌లలో రువా జట్టు మాంట్రియాల్ వరసగా పది ఓవర్‌టైమ్ మ్యాచ్‌లు గెలిచింది. ఓవర్‌టైమ్‌లో ఒక్క గోల్ పడితే మ్యాచ్ అయిపోయినట్టే, అలాంటివి పది. కాన్ స్మైత్ మూడుసార్లు గెలిచిన ఆటగాడు ఇప్పటికీ ఆయనొక్కడే: 1986, 1993, 2001. ఒకటి ఇరవై ఏళ్ల వయసులో, మరొకటి ముప్ఫై అయిదేళ్లకు.

క్రీజ్‌కాపరి

1989-90 లెక్క సరైనదే, మంచి సీజన్ ఎంచారు. కానీ అప్పట్లో మంచి గోలీకీ నాసి గోలీకీ మధ్య ఎడం చాలా ఎక్కువ. తొంభైల చివరికి అందరూ దగ్గరదగ్గరగా వచ్చేశారు. సగటుకి 0.030 పైన ఉండటం 1990లో కంటే 1999లో అరుదు. పూర్తి న్యాయం కావాలంటే ఆ సీజన్‌లో వెయ్యికి పైగా షాట్లు ఎదుర్కొన్న గోలీలందరి అంకెలకు ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కట్టి, తేడాను దానితో భాగించండి. స్ప్రెడ్‌షీట్‌లో అయిదు నిమిషాల పని. ఇక హాషెక్ 1993-94 నుంచి 1998-99 దాకా వరసగా ఆరు సీజన్లు లీగ్‌లో మొదటి స్థానం. నన్ను ఆయన వైపు నిలబెట్టేది ఆ వరసే.

బ్రోడర్ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. సేవ్ పర్సెంటేజీకి అందని పని ఆయన చాలా చేశాడు. నెట్ వెనక్కి వెళ్లి పక్ ఆపి డిఫెన్స్‌మన్‌కి అందిస్తే అవతలి జట్టు దాడి అక్కడే ఆగిపోతుంది, అసలు షాటే పుట్టదు. పుట్టని షాట్‌కి లెక్కలో చోటు లేదు. 2005-06లో గోల్ వెనక ట్రెపిజాయిడ్ ఆకారపు గడి గీసి, గోలీ దాని బయట మూలల్లోకి వెళ్లి పక్ ముట్టకూడదన్నారు. అభిమానులు దాన్ని బ్రోడర్ రూల్ అనేది అందుకే.

నాలుగోడౌన్

ఓటింగ్ సంగతి నేను చెప్తాను. బ్యాలెట్ మీద ప్రశ్న ఏమిటో ముందు తేల్చుకోండి. అత్యుత్తమ గోలీ ఎవరు? ఎక్కువ సాధించిన గోలీ ఎవరు? ఈ రెండూ ఒకటి కావు. కాలేజీ ఫుట్‌బాల్‌లో పెద్ద గొడవలన్నీ ఇక్కడే పుట్టాయి. 2023లో ఫ్లోరిడా స్టేట్ ఒక్క ఓటమీ లేకుండా 13-0తో ఏసీసీ (దాని ప్రాంతీయ లీగ్) చాంపియన్ అయింది. నవంబర్‌లో క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి గాయమైంది. ప్లేఆఫ్‌కి అప్పట్లో నాలుగు జట్లనే ఎంచే కమిటీ ఆ జట్టును అయిదో స్థానంలో పెట్టి, ఒక ఓటమి ఉన్న అలబామాకు నాలుగో చోటు ఇచ్చింది. సాధించినదే కొలత అయితే ఫ్లోరిడా స్టేట్‌కి అన్యాయం. ఆ రోజు ఎవరు బలంగా ఉన్నారన్నదే కొలత అయితే కమిటీ వాదనకు ఆధారం ఉంది. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా 63-3తో గెలవడాన్ని రుజువుగా చూపిస్తారు కానీ, ఫ్లోరిడా స్టేట్‌లో చాలామంది ఆ మ్యాచ్ ఆడనేలేదు. మీరైతే రెండు బ్యాలెట్లు పెట్టండి: అత్యుత్తమ అయిదు సీజన్లకు ఒకటి, మొత్తం కెరీర్‌కి ఒకటి. మొదటిదాంట్లో హాషెక్, రెండోదాంట్లో రువా లేదా బ్రోడర్ పైకి వస్తే అందులో వైరుధ్యం ఏమీ లేదు.

పాయింట్ల పద్ధతిలో బోల్తాపడే చోటు ఇది. మీరు పన్నెండు మంది. ఎనిమిది మంది హాషెక్‌కి మొదటి స్థానం ఇచ్చారు, నలుగురు పంతానికి పోయి పేరే రాయలేదు. ఆయనకు 80 పాయింట్లు. రువాని పన్నెండు మందీ రెండో స్థానంలో రాశారు: 108. మూడింట రెండొంతుల మంది ఒకరిని మొదటివాడంటే, మొదటి ఓటు ఒక్కటీ రానివాడు గెలిచాడు. ప్లేఆఫ్‌కి ముందున్న బీసీఎస్ ర్యాంకింగ్ పద్ధతి కాలంలో ఆరు కంప్యూటర్ ర్యాంకింగ్‌లలో ఒక్కో జట్టుకు పై అంకె, కింది అంకె తీసేసి మిగతా నాలుగు కలిపేవారు. ఒకరిద్దరి పిచ్చి ఓట్లకు ఆ మందు పనిచేస్తుంది. ఇక్కడ పనిచేయదు: ఒక పదీ ఒక సున్నా తీసేసినా హాషెక్‌కి 70, రువాకి 90.

ప్లేఆఫ్ కమిటీ పద్ధతి దీనికంటే మెరుగు. ముందు అందరూ తమకు నచ్చిన ఆరు పేర్లు వరస లేకుండా రాస్తారు. ఎక్కువ మంది రాసిన ఆరుగురు ఒక గుంపు. ఇప్పుడు అందరూ ఆ ఆరుగురికే 1 నుంచి 6 ర్యాంకులు ఇవ్వాలి, ఎవర్నీ వదిలేసే వీలు లేదు. మొత్తం తక్కువ వచ్చిన ముగ్గురి స్థానాలు ఖాయం. మిగిలిన ముగ్గురూ తర్వాతి గుంపులోకి వెళ్తారు, కొత్తగా ముగ్గురు వచ్చి చేరతారు. ఇలా పది దాకా. పంతం పట్టినవాడు చేయగల నష్టం ఆరో ర్యాంకుతో ఆగిపోతుంది. పక్కపక్కనే ఉన్న ఇద్దరి మధ్య తేడా తక్కువైతే ఆ ఇద్దరినే ఎదురెదురుగా పెట్టి ఎన్ని బ్యాలెట్లలో ఎవరు పైన ఉన్నారో లెక్కపెట్టండి. పై ఉదాహరణలో హాషెక్ 8-4తో గెలుస్తాడు.

నమూనా జాబితా మాత్రం ముందుగా పంచొద్దు. ఆగస్టులో వచ్చే ప్రీసీజన్ పోల్‌లో పైన ఉన్న జట్టు ఓడినా మెల్లగా దిగుతుంది, లేని జట్టు వరసగా గెలిచినా మెల్లగానే ఎక్కుతుంది. కమిటీ తన మొదటి ర్యాంకింగ్‌ను సీజన్ రెండో సగం దాకా విడుదల చేయకపోవడంలో ఆ మేలు ఉంది. పేర్లు పంచక తప్పదంటే అక్షర క్రమంలో పంచండి.

పాతపేజీలు

1955-56కి ముందు సీజన్లకు లీగ్ షాట్ల లెక్కలు లేవు, కాబట్టి క్రీజ్‌కాపరి గారి సూత్రం అక్కడ నడవదు. దెబ్బ ఎక్కువగా తగిలేది టెర్రీ సాచక్‌కి. ఆయన శిఖరం సరిగ్గా 1950-51 నుంచి 1954-55 దాకా. అయిదు సీజన్లలోనూ మ్యాచ్‌కి రెండు గోల్స్ కంటే తక్కువ సగటు. 1952 ప్లేఆఫ్‌లలో ఆయన జట్టు డెట్రాయిట్ ఆడిన ఎనిమిది మ్యాచ్‌లూ గెలిచింది, సాచక్ ఇచ్చినవి మొత్తం అయిదు గోల్స్, షటౌట్లు నాలుగు. అంకె లేదని ఆయన్ను దింపేయకండి.

వెజినాలు లెక్కపెట్టేటప్పుడు 1981-82 దగ్గర గీత గీయండి. అంతకుముందు ఆ ట్రోఫీ తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టు గోలీకి లెక్క ప్రకారం వెళ్లేది. ఆ సీజన్ నుంచే జనరల్ మేనేజర్లు ఓటేస్తున్నారు, పాత పద్ధతి జెన్నింగ్స్ ట్రోఫీకి మారింది. పాతతరం మాంట్రియాల్ గోలీ జాక్ ప్లాంట్ ఏడు వెజినాలనూ హాషెక్ ఆరు వెజినాలనూ పక్కపక్కన పెడితే రెండు వేరే వస్తువులను పోల్చినట్టే. పాతవాళ్లకు ఫస్ట్ ఆల్‌స్టార్ టీమ్ (ఆ సీజన్ ఉత్తమ ఆటగాళ్ల జట్టు) ఎంపికలు చూడండి, అవి అప్పుడూ ఓట్లే. గ్లెన్ హాల్ ఏడుసార్లు ఎంపికయ్యాడు, ఏ గోలీకీ అన్ని లేవు. ప్లాంట్‌ని మోసింది జట్టేనని ఎవరైనా అంటే 1962 హార్ట్ ట్రోఫీ చూపించండి. జట్టు డిఫెన్స్‌మన్ డగ్ హార్వీ వెళ్లిపోయిన తర్వాతి సీజన్ అది.

కెన్ డ్రైడెన్ విషయంలో మాత్రం మీ రెండు బ్యాలెట్లూ తన్నుకుంటాయి. 397 మ్యాచ్‌లు, 57 ఓటములు, ఆరు కప్‌లు. శిఖరం ఉంది, పొడవు లేదు, ముందున్న జట్టు చరిత్రలోనే అత్యంత బలమైనవాటిలో ఒకటి. నేనైతే ఆరు, ఏడు స్థానాల మధ్య పెడతాను.

నీలిగీత

అందరికీ ధన్యవాదాలండి. ఆరుగురి గుంపు పద్ధతి, రెండు బ్యాలెట్లు ఖాయం. ఒక్క సందేహం మిగిలింది. హాషెక్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కుదురుకునేసరికే 28 దాటాయి. కెరీర్ బ్యాలెట్‌లో చెకోస్లోవేకియా ఏళ్లు లెక్కలోకి రావాలా?

క్రీజ్‌కాపరి

మీ శీర్షిక ఎన్‌హెచ్‌ఎల్ చరిత్ర అయితే రావు. అప్పుడు 735 మ్యాచ్‌లు, 389 విజయాలు, 81 షటౌట్లతోనే తూకం వేయాలి. హాకీ చరిత్ర అని మారిస్తే ఆ ఏళ్లూ వస్తాయి, 1998 నగానో ఒలింపిక్స్ కూడా వస్తుంది: సెమీఫైనల్ షూటౌట్‌లో కెనడా అయిదుగురినీ ఆపి, ఫైనల్లో రష్యా మీద 1-0. కానీ ఆ శీర్షిక పెడితే సోవియట్ గోలీ వ్లాదిస్లావ్ ట్రెట్యాక్‌ని కూడా గుంపులో చేర్చాలి, ఆయనకు ఎన్‌హెచ్‌ఎల్ అంకె ఒక్కటీ లేదు. బ్యాలెట్లు పంచే ముందే ఏ శీర్షికో రాసి పెట్టండి. మధ్యలో మారిస్తే మొదటి గుంపు నుంచి మళ్లీ ఓటు వేయించాల్సి వస్తుంది.