హైదరాబాద్‌లో చిన్న సోలార్ ప్యానెల్ యూనిట్ పెడితే నిలబడుతుందా? మా బావ ముహూర్తం దాకా వెళ్లాడు

షాద్‌నగర్_వాసి:

అందరికీ నమస్తే. దసరాకి ముందు షాద్‌నగర్ దగ్గర మా తాతల నాటి రెండెకరాలు అమ్మాం. వాటాలు పంచుకున్నాక నా చేతికి కొంత డబ్బు వచ్చింది, ఇంకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే పడి ఉంది. మా బావకి చర్లపల్లిలో కంట్రోల్ ప్యానెల్ బోర్డులు చేసే వర్క్‌షాప్ ఉంది, పదిహేనేళ్లుగా బాగానే నడుస్తోంది, మనిషి పనిమంతుడే, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. ఇప్పుడు ఆయనకి సోలార్ పిచ్చి పట్టింది. ఏడాదికి 50 మెగావాట్ల ప్యానెళ్లు చేసే మెషిన్ల లైను, గుజరాత్‌లో ఒకాయన సెకండ్ హ్యాండ్‌లో ఇస్తున్నాడట, షెడ్డు ఎలాగూ ఉంది, నువ్వు 60 లక్షలు పెట్టు బామ్మర్దీ, మిగతాది బ్యాంకు చూసుకుంటుంది అంటున్నాడు. కార్తీక మాసంలో మంచిరోజు కూడా చూపించుకున్నాడు.

ఆయన చెప్పే లెక్క సింపుల్. దేశంలో సోలార్ 2025 జనవరికే 100 గిగావాట్లు దాటింది, 2030కి 500 అంటున్నారు, చైనా సరుకు మీద పన్ను వేశారు, కేంద్రం కోటి ఇళ్ల మీద ప్యానెళ్లు పెడతానంటోంది, మరి అన్ని ప్యానెళ్లు ఎవడు చేస్తాడ్రా అని. వింటే నిజమే అనిపిస్తోంది. కానీ ఇంత తేలికైతే అందరూ ఇదే చేసేవాళ్లు కదా అని ఒక పక్క టెన్షన్. ఈ లైన్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. అక్క మొహం చూసి కాదనలేకపోతున్నాను.

పాత_లామినేటర్:

తమ్ముడూ, నేను ఈ పనిలో 2009 నుంచి ఉన్నాను, 2014లో సొంత యూనిట్ పెట్టాను, 2021లో షట్టర్ దించాను. కాబట్టి కొంచెం చేదుగా మాట్లాడితే ఏమనుకోకు.

ముందు అసలు పని ఏంటో చూడు. మనలాంటి వాళ్లం "ప్యానెల్ తయారీ" అంటాం గానీ చేసేది అతుకులపని. సెల్ (ఎండని కరెంటుగా మార్చే పలుచని సిలికాన్ బిళ్ల) బయట నుంచి వస్తుంది, రెండు వెంట్రుకలు పేర్చినంత మందం ఉంటుంది, గట్టిగా పట్టుకుంటే పిడికిట్లో పొడి అవుతుంది. వాటిని స్ట్రింగర్ మెషిన్‌లో రిబ్బన్‌తో వరసగా టంకం వేసి, కింద గ్లాస్, పైన ఈవీఏ షీటు (వేడికి కరిగి అతుక్కునే ప్లాస్టిక్), మళ్లీ బ్యాక్‌షీట్ పరిచి, లామినేటర్‌లో గాలి తీసేసి 140, 150 డిగ్రీల్లో ఉడికిస్తాం. తర్వాత అల్యూమినియం ఫ్రేమ్, వెనక జంక్షన్ బాక్స్. ఉడికే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఈఎల్ టెస్ట్ అని చీకట్లో కరెంటు ఇచ్చి ఫొటో తీస్తారు. కంటికి కనపడని పగుళ్లు అందులో నల్లగా మెరుపు తీగల్లా కనిపిస్తాయి. మా దగ్గర ఒక బ్యాచ్‌లో వందకి పదకొండు అలా వచ్చాయి. మెషిన్ తప్పా, సెల్ తప్పా, ఆ రోజు కొత్తగా చేరిన కుర్రాడి తప్పా అని వారం రోజులు తల బాదుకున్నాం. సరఫరాదారు ఒక్క రూపాయి వెనక్కి ఇవ్వలేదు.

ఇదీ నష్టమే కానీ నన్ను ముంచింది ఇది కాదు. సైజు. నేను లైను కొన్నప్పుడు 156 మిల్లీమీటర్ల సెల్, అందులోనూ మల్టీ (చాలా స్ఫటికాల సిలికాన్). లోను సగం కూడా తీరకముందే మార్కెట్ మోనోకి (ఒకే స్ఫటికం రకం) తిరిగింది, తర్వాత 166, ఆ వెంటనే 182, ఇంకో పక్క 210. సెల్ మీద కరెంటు లాగే లోహపు గీతలు ఐదు ఉండేవి తొమ్మిదయ్యాయి, పదయ్యాయి, ఇప్పుడు పదహారు. ప్రతిసారీ స్ట్రింగర్ మార్చాలి, ప్యానెల్ పొడుగు పెరిగితే లామినేటర్‌లో పట్టదు, డిజైన్ మారిందంటే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరీక్షలు మళ్లీ. ల్యాబ్‌లో నెలల తరబడి సాగే పరీక్షలు అవి, అంతవరకు షెడ్డు అద్దె, జీతాలు ఆగవు కదా.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. 2018 జూలైలో సర్కారు దిగుమతుల మీద 25 శాతం సేఫ్‌గార్డ్ డ్యూటీ వేసింది. మా సందులో స్వీట్లు పంచాం. తీరా నోటిఫికేషన్ చదివితే ప్యానెల్ మీదే కాదు, సెల్ మీద కూడా అంతే డ్యూటీ. మేము తెచ్చుకునేదే సెల్! కాపాడతానన్న చెయ్యే మా జేబులో పడింది. స్వీట్లు పంచిన డబ్బులు కూడా దండగ.

ఆ సెకండ్ హ్యాండ్ లైను ఏ సైజు సెల్‌కి చేసిందో ముందు అడుగు.

షిఫ్ట్_బి_ఇంజినీర్:

పైన అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇక్కడే ఫ్యాబ్ సిటీ వైపు ఒక సెల్ ప్లాంట్‌లో పనిచేస్తున్నాను (కంపెనీ పేరు అడగొద్దు), రాత్రి షిఫ్ట్ దిగి ఇప్పుడే కూర్చున్నాను కాబట్టి కాస్త పొడుగవుతుంది.

ముందు మీ బావగారి లెక్కలో ఒక సవరణ. 2030కి 500 గిగావాట్లు అన్నది ఒక్క సోలార్‌కి కాదు, గాలి, జలవిద్యుత్, అణువిద్యుత్ అన్నీ కలిపి. అయినా అందులో పెద్ద ముక్క సోలార్‌దే, 2024-25లో ఒక్క ఏడాదిలోనే దాదాపు 24 గిగావాట్లు కొత్తగా పెట్టారు, కాబట్టి గిరాకీ లేదని ఎవరూ అనరు. చిక్కల్లా అవతలి వైపు ఉంది. ప్యానెల్ తయారీ సామర్థ్యం 2024 మార్చిలో 38 గిగావాట్లు, ఏడాది తిరిగేసరికి 74, 2025 ఆగస్టులో ప్రభుత్వ ఆమోద జాబితా ఏఎల్ఎంఎంలో ఉన్నదే 100 దాటింది. అంటే దేశం పెట్టుకునేదానికి మూడు నాలుగింతలు చేసే ఫ్యాక్టరీలు ఇప్పటికే ఉన్నాయి. అందులో మీ 50 మెగావాట్లు రెండు వేలలో ఒక వంతు. రోజుకి మూడొందల ప్యానెళ్లు చేస్తారు, సరే, ఎవరికి అమ్ముతారు? మిగులు సరుకు బయటికి పోతుందనుకుంటే, మన ఎగుమతుల్లో దాదాపు అంతా అమెరికాకే వెళ్లేది, అక్కడ 2025 ఆగస్టులో 50 శాతం సుంకం పడింది. అక్కడ ఆగిన సరుకు మన మార్కెట్లోకే వచ్చి పడుతుంది.

సెల్ సంగతి వేరు. 2025 మార్చికి సెల్ సామర్థ్యం 25 గిగావాట్లే. ప్యానెల్ 74, సెల్ 25, ఆ తేడా ఇన్నాళ్లూ దిగుమతితోనే నిండింది. 2022 ఏప్రిల్ నుంచి ప్యానెల్ మీద 40 శాతం, సెల్ మీద 25 శాతం కస్టమ్స్ పెట్టారు. 2025 బడ్జెట్‌లో పేర్లు మార్చి, సెస్ కలిపి, ప్యానెల్‌ని 40 దగ్గరే ఉంచి సెల్‌ని 27.5 చేశారు. చిన్న అసెంబ్లీ యూనిట్లు బతికింది ఈ రెండు అంకెల మధ్య సందులోనే. ఇప్పుడు ఆ సందు కూడా మూసేస్తున్నారు. 2026 జూన్ 1 నుంచి సెల్‌కి కూడా ఆమోద జాబితా వర్తిస్తుంది, అంటే ప్రభుత్వ ప్రాజెక్టులకి, నెట్ మీటరింగ్‌కి (మిగిలిన సోలార్ కరెంటు గ్రిడ్‌కి ఇచ్చి బిల్లులో తగ్గించుకునే పద్ధతి) వెళ్లే ప్యానెల్‌లో సెల్ కూడా జాబితాలోని కంపెనీదే ఉండాలి. ఆ కంపెనీలు ఏం చేస్తాయి? ముందు సొంత ప్యానెల్ లైన్లకి వాడుకుంటాయి, మిగిలితే మీకు అమ్ముతాయి, అదీ వాళ్లు చెప్పిన రేటుకి. మీకు సెల్ అమ్మేవాడూ, బజార్లో మీ పక్కన నిలబడి ప్యానెల్ అమ్మేవాడూ ఒక్కడే. ఈ ఒక్క ముక్క మీ బావగారికి చదివి వినిపించండి.

మరి సెల్ ప్లాంటే పెడితే అంటారేమో, అది వందల, వేల కోట్ల మాట. మా దగ్గర గాలి తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేకుండా అంటుకునే సైలేన్ గ్యాస్ ఉంటుంది, ఎముకని తినేసే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ తొట్లు ఉంటాయి, నీళ్లు ఎంత శుద్ధి చేస్తారంటే అందులో ఉప్పు జాడ కూడా ఉండకూడదు. ఇంతా చేసి మేమూ పూర్తి స్వతంత్రులం కాదు. సెల్‌కి ముడిసరుకైన వేఫర్ (సిలికాన్ దిమ్మ నుంచి కోసిన పలుచని పలక) ప్రపంచంలో 95 శాతానికి పైగా చైనాలోనే కోస్తారు. మన దేశంలో వేఫర్ దాకా వెళ్లిన మొదటి ప్లాంటు గుజరాత్‌లోని ముంద్రాలోది, 2 గిగావాట్లు. దాని వెనక పాలీసిలికాన్ (వేఫర్‌కి ముడిసరుకైన శుద్ధ సిలికాన్) ఉంది, అది కరెంటు తాగే వ్యాపారం, చవక కరెంటు లేనిదే కిలో కూడా గిట్టదు. పీఎల్ఐ (ఉత్పత్తిని బట్టి కేంద్రం ప్రోత్సాహకం ఇచ్చే పథకం) కింద 2021లో 4,500 కోట్లు, 2022లో 19,500 కోట్లు ప్రకటించింది కూడా ఇలా కింది నుంచి పై దాకా అన్నీ ఒకేచోట చేసే పెద్దవాళ్లని తయారు చేయడానికే, మనలాంటి వాళ్ల కోసం కాదు. తప్పా ఒప్పా అంటే, దేశానికి అదే దారి అని నా అభిప్రాయం, కాకపోతే ఆ దారిలో చర్లపల్లి షెడ్డుకి చోటు లేదు.

ఒక పక్కమాట. ఇప్పుడు సోలార్ ప్లాంట్లు ఉన్న ఫ్యాబ్ సిటీ జాగా 2006లో చిప్‌ల ఫ్యాక్టరీ వస్తుందని ప్రకటించిన చోటు. చిప్ రాలేదు, సోలార్ వచ్చింది. అలా వచ్చిన ప్రీమియర్ ఎనర్జీస్ కొత్త సెల్ ప్లాంటు కోసం ఆంధ్రాలో నాయుడుపేటకి వెళ్లింది. ఊరి పేరు చూసి పెట్టుబడి పెట్టొద్దని చెప్పడానికి ఇది రాశాను.

డీమ్యాట్_దాసు:

ఇంత రామాయణం ఎందుకు బ్రో, షేర్లు కొనుక్కో. ప్రీమియర్ 2024లో 450కి ఐపీఓ ఇచ్చింది, లిస్టింగ్ రోజే రెట్టింపు దాటింది. షెడ్డు లేదు, లేబర్ లేదు, ఇన్‌స్పెక్టర్ లేడు.

పాత_లామినేటర్:

దాసు గారూ, లిస్టింగ్ అయిపోయాక అందరికీ కనిపిస్తుంది. పొలం అమ్మిన డబ్బుతో ఆ ఆట వద్దు. 2008లో ఈ ఊరి నుంచి స్పెయిన్‌కి కంటైనర్లకి కంటైనర్లు ప్యానెళ్లు వెళ్లేవి, అప్పుడు కూడా షేర్లు ఇలాగే ఎగిరాయి. ఆ సెప్టెంబర్‌లో స్పెయిన్ సబ్సిడీ కోసేసింది. తర్వాత ఏమైందో ఆ కాలం వాళ్లని అడగండి.

రూఫ్‌టాప్_కర్మన్‌ఘాట్:

నేను ప్యానెళ్లు చేయను, బిగిస్తాను. ఎల్‌బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ అంతా మా ఏరియానే. కింద నుంచి చూస్తే ఈ వ్యాపారం ఎలా కనిపిస్తుందో చెబుతాను.

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ వచ్చాక ఫోన్లు ఆగడం లేదు. 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ, నెలకి మూడొందల యాభై యూనిట్ల దాకా వస్తాయి, మధ్యతరగతి ఇంటికి ఏసీతో సహా సరిపోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా 12 నుంచి 5కి దిగింది. కానీ సబ్సిడీ కావాలంటే డీసీఆర్ ప్యానెలే పెట్టాలి, అంటే సెల్ కూడా ఇక్కడ చేసిందే అయి ఉండాలి. వాటికి ధర ఎక్కువ, సీజన్‌లో దొరకవు. పోయిన మార్చిలో ఒక డీలర్ దగ్గర అడ్వాన్స్ కట్టి ఐదు వారాలు తిరిగాను. కస్టమర్ ఇంటి మీద స్ట్రక్చర్ లేపేసి ఉంది, ప్యానెల్ లేదు, వాళ్ల అమ్మగారు ఆ పైపులకి బట్టలారేసుకున్నారు. ఎప్పుడు వస్తాయి బాబూ అని ఆమె అడిగినప్పుడల్లా తల దించుకునేవాణ్ని.

నన్నడిగితే మీ బావగారికి ఇనుము పని వచ్చు, కంట్రోల్ బోర్డులు వచ్చు. ఆయన సోలార్‌లోకి రావాల్సింది ఆ దారిన. మన ఊళ్లో ఎవరూ ప్యానెల్‌ని డాబాకి అతికించినట్టు తక్కువ ఎత్తులో పెట్టనివ్వరు. కింద నడవాలి, వడియాలు పెట్టుకోవాలి, నీళ్ల ట్యాంకు దగ్గరికి దారి ఉండాలి, కాబట్టి ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తు స్ట్రక్చర్ అడుగుతారు. దాన్ని సరిగ్గా చేసేవాడు లేడు. వెల్డింగ్ చేసిన చోట జింకు పూత పోతుంది, రెండు వానాకాలాలకి తుప్పు కారి గోడంతా ఎర్ర చారలు. వేసవిలో ఈదురుగాలికి ఒక ఇంట్లో మొత్తం లేచి పక్కింటి ట్యాంకు మీద పడింది (నేను బిగించింది కాదు, దేవుడి దయ). బోల్టులతో బిగించేలా, గాలి లెక్క కట్టి, ముందే జింకు స్నానం చేయించి, కిట్‌లా తయారు చేసి ఇస్తే నేనే నెలకి ఇరవై సెట్లు తీసుకుంటాను. ఏసీడీబీ, డీసీడీబీ బాక్సులు (ఏసీ, డీసీ కరెంటుకి ఫ్యూజులుండే పంపిణీ డబ్బాలు) కూడా అంతే, చౌకరకం ఫ్యూజులు వేసి ఇస్తున్నారు, లోపల ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చాక మమ్మల్ని పిలుస్తారు. అది ఆయన రోజూ చేసే పనే కదా.

వీటికి ఏఎల్ఎంఎం జాబితా అక్కర్లేదు, సెల్ సైజు మారినా మీ షెడ్డు మూతపడదు. క్లాంపులు మారతాయి, అంతే.

షాద్‌నగర్_వాసి:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి భోజనాలయ్యాక బావకి మొత్తం చదివి వినిపించాను. మొదట్లో కోపం వచ్చింది, "నెట్‌లో కూర్చున్నవాళ్లకి ఏం తెలుసు" అన్నాడు. సెల్ అమ్మేవాడూ పోటీదారూ ఒక్కడే అన్న దగ్గర ఆగి, మళ్లీ చదవమన్నాడు. తర్వాత లేచి బాల్కనీలోకి వెళ్లి ఆ గుజరాత్ ఆయనకి ఫోన్ చేశాడు. లైను ఏ సైజుకి అంటే "158.75" అన్నాడట, "కొద్దిగా మారిస్తే 182 కూడా నడుస్తుంది" అన్నాడట.

పాత_లామినేటర్ అన్నా, అది నిజంగా కొద్దిగా మారిస్తే నడుస్తుందా?

పాత_లామినేటర్:

స్ట్రింగర్ మార్చాలి, సెల్ వరసలు పరిచే లే-అప్ టేబుల్ మార్చాలి. లామినేటర్ బెడ్ వెడల్పు టేపు పెట్టి కొలవాలి, సరిపోకపోతే అదీ మార్చాలి. అన్నీ మార్చాక ఆయన దగ్గర కొన్నట్టు మిగిలేది కన్వేయర్ రోలర్లే.

షాద్‌నగర్_వాసి:

:) బావ కూడా ఇదే అన్నాడు, కాకపోతే భాష వేరు. అడ్వాన్స్ ఇవ్వడం ఆపాడు. అక్క ముహూర్తం మాత్రం వదలనంటోంది, ఆ రోజు ఏదో ఒకటి మొదలుపెట్టాలట. సోమవారం రాణిగంజ్ వెళ్లి జీఐ (జింకు పూత ఇనుము) సెక్షన్ల రేట్లు కనుక్కుంటాం. కర్మన్‌ఘాట్ అన్నా, మీరు వాడే స్ట్రక్చర్ కొలతలు, ఫొటోలు ఉంటే పర్సనల్ మెసేజ్‌లో పంపండి, ఆ తుప్పు కారిన గోడ ఫొటో కూడా.