రాళ్ల బాటలో టన్నున్నర మామిడికాయ తోలడానికి తక్కువ ఖర్చులో ఏ బండి మేలు?

ప్రశ్న: పాకాల రైతు

అందరికీ నమస్కారం. దామలచెరువుకు దగ్గరలో కొండ కింద మాకు తోతాపురి తోట ఉంది. తోట నుంచి తారురోడ్డు చేరాలంటే సుమారు మూడు కిలోమీటర్ల బండి బాట దాటాలి. అందులో సగం దూరం గట్టి ఎర్రనేల కాబట్టి ఇబ్బంది లేదు కానీ, ఆ తరువాత ఒక ఇసుక వంక, దాన్ని దాటగానే రాళ్లు తేలిన మిట్ట వస్తాయి. జూన్, జూలై నెలల్లో కోత నడిచేటప్పుడు ఒక వాన పడినా ఆ మిట్ట జారుడుబండ అవుతుంది. కోతలో ఒక్కో విడతకు టన్నున్నర కాయ బయటికి రావాలి, మిగతా కాలంలో పశువుల ఎరువు, కంచెకు రాతి కూసాలు లోపలికి పోవాలి. ఇప్పటిదాకా బాడుగ బండ్లతోనే నెట్టుకొస్తున్నాం కానీ, బాట చూసిన డ్రైవర్లు రెండోసారి రావడానికి ఒప్పుకోవడం లేదు. నాలుగు లక్షలకు మించకుండా పాత బండి కొనాలని ఉంది. టాటా ఏస్, అశోక్ లేలాండ్ దోస్త్, బొలేరో పికప్, ట్రాక్టరు ట్రాలీ, వీటిలో దేన్ని ఎంచుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: చిత్తూరు మెకానిక్

మీ వంక, మిట్టలను బట్టే బండిని నిర్ణయించాలి. టాటా ఏస్‌ను ముందే పక్కన పెట్టండి. 2005లో వచ్చిన ఆ బండి ముప్పాతిక టన్ను సరుకును ఊళ్ల మధ్య చేరవేయడానికి తయారైనది. మొదటి రకాలకు రెండు సిలిండర్ల 702 సీసీ ఇంజను, పన్నెండు అంగుళాల చక్రాలు ఉంటాయి. అంత చిన్న చక్రం రాయి ఎదురైతే దాని మీదికి ఎక్కదు, దానికి కొట్టుకుని ఆగుతుంది. 2011లో వచ్చిన దోస్త్ టన్నుంపావు మోయగలదు, తారురోడ్డు మీద దానికి వంక పెట్టడానికి లేదు కానీ, 1478 సీసీ ఇంజనుతో మీ మిట్టను నిండు బరువుతో ఎక్కించాలంటే క్లచ్ ప్లేటును పణంగా పెట్టాలి.

ఈ నాలుగు చక్రాల బండ్లలో మీకు పనికొచ్చేది 2523 సీసీ ఇంజనున్న బొలేరో పికప్. అయితే మామూలు పికప్‌లో వెనక చక్రాలకే శక్తి అందుతుంది కాబట్టి, కాయతో వచ్చేటప్పటి కంటే ఖాళీగా పోయేటప్పుడే అది ఇసుకలో ఇరుక్కుంటుందని గుర్తుంచుకోవాలి. వెనక యాక్సిల్‌కు సరిగ్గా పైన నాలుగు రాళ్లు వేసుకుని, టైర్లలో గాలి కొంత తగ్గించి వంక దాటి, తారురోడ్డు ఎక్కే ముందు మళ్లీ గాలి నింపుకోవడం మంచిది. నాలుగు చక్రాలకూ శక్తి అందే బొలేరో క్యాంపర్ దొరికితే ఈ బాధ ఉండదు కానీ, అది పాత బండ్ల సంతలో అరుదు.

చూడటానికి పోయినప్పుడు రంగు, సీట్లు, పాటల పెట్టె చూసి మురిసిపోకుండా బండి కిందికి దూరండి. వెనక కమాన్ కట్టల్లో (బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టల్లో) కంపెనీ ఇచ్చిన పట్టీల మీద అదనంగా పట్టీలు చేర్చి ఉంటే, ఆ బండి ఎప్పుడూ అతిబరువుతోనే తిరిగిందని అర్థం. కమాన్ కట్ట చాసిస్‌కు తగిలే బ్రాకెట్ల దగ్గర తుడిచి టార్చి వేసి చూస్తే వెల్డింగు అతుకులు, వెంట్రుకంత పగుళ్లు బయటపడతాయి; అవి కనిపించిన బండిని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి. ఆ తరువాత బరువు వేసి ఒక ఎత్తు ఎక్కించండి. ఇంజను మోత పెరుగుతూ వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టే.

జవాబు: బంగారుపాళెం తోట

మెకానిక్ గారు పికప్ గురించి చెప్పినదంతా నిజమే కానీ, ఈ బాటకు నా ఓటు ట్రాక్టరుకే. ముప్పై అయిదు, నలభై హార్స్‌పవర్ పాత ట్రాక్టరు, ట్రాలీ కలిసి మీరు అనుకున్న డబ్బులోనే వెతుక్కోవచ్చు. 13.6-28 కొలత వెనక టైరు ముందు మీ మిట్ట మీది రాళ్లు లెక్కలోకి రావు. ఒక చక్రం ఇసుకలో ఊరికే తిరుగుతున్నప్పుడు డిఫరెన్షియల్ లాక్ తొక్కితే రెండు చక్రాలూ కలిసి లాగుతాయి, అయితే బండి నేరుగా పోయేటప్పుడే దాన్ని తొక్కాలి, మలుపుకు ముందే వదలాలి. పైగా కోత లేని నెలల్లో అదే ట్రాక్టరు తోటలో దుక్కి చేస్తుంది, నీళ్ల ట్యాంకరు లాగుతుంది. పికప్ మాత్రం వాకిట్లో నిలబడి బీమా, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఖర్చులు అడుగుతుంది.

దామలచెరువు మండీ మీకు దగ్గరే కాబట్టి ట్రాక్టరు నిదానం పెద్ద లోపం కాదు. గుజ్జు ఫ్యాక్టరీకి తోలాలనుకుంటే మాత్రం ఆలోచించాలి, ఎందుకంటే కాయ ఎక్కువైన సంవత్సరం గేటు ముందు బండ్ల వరస కదలక, ఉన్న ఒక్క ట్రాక్టరూ అక్కడే చిక్కుకుంటే తోటలో కోత ఆగిపోతుంది. మేము ట్రాక్టరుతో కాయను తారురోడ్డు దాకా తెచ్చి, అక్కడి నుంచి బాడుగ లారీకి ఎత్తిస్తాం. రెండోసారి ఎత్తుడు కూలీ పడుతుంది, నిజమే. కానీ తారురోడ్డు దాకా అయితే రానని చెప్పే డ్రైవరు ఇంతవరకు నాకు తగల్లేదు.

జవాబు: తిరుపతి ట్రాన్స్‌పోర్టు

కాగితాల సంగతి నేను చెబుతాను. పికప్ అయితే ఆర్సీలో మొత్తం బరువు (బండి, సరుకు కలిపి) ఎంత రాసి ఉందో చూడండి. 3000 కిలోల లోపు సరుకు బండికి పర్మిట్ అవసరం లేదు. ఎఫ్‌సీ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకొకసారి, ఆ తరువాత ప్రతి ఏడూ చేయించాలి. 7500 కిలోల లోపు సరుకు బండిని మామూలు ఎల్ఎంవీ (తేలిక మోటారు వాహనం) లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో స్పష్టం చేసింది. ట్రాక్టరు కొంటే ట్రాలీకి వేరే రిజిస్ట్రేషను ఉండాలి, చాలామంది అమ్మేవాళ్లు ఈ మాట ఎత్తరు. వ్యవసాయానికని బీమా చేయించిన ట్రాక్టరుతో పక్క తోటల కాయను బాడుగకు తోలితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా డబ్బుకు చిక్కు వస్తుంది. కాయ మీద కూలీలను కూర్చోబెట్టడం అంతకంటే పెద్ద చిక్కు.

పాకాల రైతు

అందరికీ కృతజ్ఞతలు. కాయను మండీకే తోలుతాం కనుక ట్రాక్టరు వైపే మొగ్గుతున్నాను. బంగారుపాళెం అన్నా, ట్రాలీ రెండు చక్రాలది తీసుకోవాలా, నాలుగు చక్రాలదా? తిరుగు దారిలో కూసాల బరువుతో ఆ మిట్ట దిగడమే నాకు భయంగా ఉంది.

జవాబు: బంగారుపాళెం తోట

రెండు చక్రాలదే తీసుకోండి. దాని బరువులో కొంత భాగం ట్రాలీని తగిలించే కొక్కెం మీద పడి ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు పెంచుతుంది, ఇసుకలో మీకు కావలసింది అదే. అయితే బరువంతా ముందుకు తోస్తే మిట్ట ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి, వెనక్కి తోస్తే కొక్కెం పైకి లాగి వెనక చక్రాల పట్టు పోతుంది. అందుకని కూసాలను యాక్సిల్‌కు కాస్త ముందుకు ఉండేలా పేర్చి గొలుసుతో బిగించండి. దిగేటప్పుడు మిట్ట మీదే ఆపి చిన్న గేరు వేసుకోండి, కిందికి చేరేదాకా క్లచ్ మీద కాలు పెట్టకండి. కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపే గడియ దుక్కి కోసం తీసి ఉంటుంది, దాన్ని వేసుకున్నాకే బయలుదేరండి. ఒక్క పెడలే తొక్కితే బండి ఆ పక్కకే తిరుగుతుంది. మొదటిసారి సగం కూసాలతోనే దింపి చూడండి.