అప్‌డేట్: స్కాట్ నియరింగ్‌ని యూనివర్సిటీ ఎందుకు తీసేసింది, జైలుకెళ్లాడా?

మొన్న అడిగా కదా, ఈ అమెరికా సోషలిస్ట్ ఎకనామిస్ట్ ఉద్యోగం ఎందుకు పోయింది, జైల్లో పెట్టారా అని. చెప్పినోళ్లందరికీ థాంక్సండీ, తర్వాత కూర్చుని చదివా.

పెన్సిల్వేనియా యూనివర్సిటీ వార్టన్ స్కూల్లో పాఠాలు చెప్తూ, పిల్లలతో ఫ్యాక్టరీల్లో, గనుల్లో పని చేయించడం మీద గట్టిగా మాట్లాడేవాడు, యూనివర్సిటీని నడిపే ట్రస్టీలకి మండి 1915లో కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యకుండా పంపించేశారు. తర్వాత టొలీడో యూనివర్సిటీలో చేరితే, 1917లో మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగొద్దన్నాడని అక్కడా ఊడింది.

జైలుకి మాత్రం వెళ్లలేదు. యుద్ధం వెనక డబ్బున్నోళ్ల లాభాలున్నాయని ఒక కరపత్రం రాస్తే ఎస్పియనేజ్ చట్టం (గూఢచర్యం, యుద్ధానికి అడ్డుపడటం మీద అమెరికా తెచ్చిన చట్టం) కింద కేసు పెట్టారు, 1919లో జ్యూరీ ఆయన్ని నిర్దోషి అని వదిలేసి అదే కరపత్రం అచ్చేసిన సోషలిస్ట్ సొసైటీని దోషి అంది, 3000 డాలర్లు ఫైన్ పడింది. రాసినోడిది తప్పు కాదంట, అచ్చేసినోళ్లది తప్పంట, ఇదేం లాజిక్కో నాకైతే అర్థం కాలా.

1932లో తన సహచరి హెలెన్‌తో కలిసి అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రంలో ఒక పల్లెకి వెళ్లిపోయి, రాళ్లతో సొంతంగా ఇల్లు కట్టుకుని, మేపుల్ చెట్ల రసంతో తియ్యటి సిరప్ కాచి అమ్ముకుని బతికారు. అన్నట్టు ఈ హెలెన్ వయసులో ఉన్నప్పుడు మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తికి బాగా దగ్గరి మనిషి, ఇది అస్సలు ఊహించలా.

ఇంకోటండోయ్, తీసేసిన యూనివర్సిటీయే 1973లో పిలిచి ఎమెరిటస్ ప్రొఫెసర్ (గౌరవ ప్రొఫెసర్) హోదా ఇచ్చింది, అప్పటికి ఆయనకి 90 దగ్గర పడుతున్నాయి.